విజిల్ మాస్టారి ఏడో ఎక్కం

మా బావ ఆటల మాస్టారు. అంటే పిల్లల చేత ఆటలు ఆడించే మాస్టారని మీరనుకుంటే మీకు బళ్ళ సంగతి తెలియనట్టే. ఆటల పీరియడ్‌ను అడిగినవాళ్ళకల్లా ఇచ్చేసి, మెళ్ళో విజిల్ వేసుకుని, నీడ చూసుకుని నిలబడే ఉద్యోగం ఆయనది. నేను అదే బళ్ళో ఆఫీసు గుమాస్తాను. నా కిటికీలోంచి చూస్తే గ్రౌండంతా కనిపిస్తుంది. పైగా అక్క మొగుడు కాబట్టి ఆయన్ని వెక్కిరించే హక్కు నాకు అక్క పెళ్ళితోపాటే వచ్చింది. ఆ హక్కును నేను ఏ రోజూ వృథా పోనివ్వలేదు.

మనిషికి పొట్ట ముందు నడుస్తుంది, విజిల్ దాని మీద ఊగుతూ ఉంటుంది. తెల్ల కాన్వాస్ బూట్లకు మురికి అంటితే సుద్దముక్కతో రుద్ది మళ్ళీ తెల్లగా చేస్తాడు. వయసులో ఉన్నప్పుడు ఏదో పరుగు పందెంలో అందరికన్నా ముందున్నాడట, ఇంకాసేపట్లో గీత దాటుతాడనగా మోకాలు మడత పడిందట. ఈ కథ నేను విన్నకొద్దీ ఆ గీత దగ్గరికి జరుగుతూ వచ్చింది. ఈ మధ్య చెప్పినప్పుడైతే మోకాలు సరిగ్గా గీత మీదే మడత పడింది. పిల్లలు ఆయన్ని విజిల్ మాస్టారు అంటారు. ఆ పేరు తనకు తెలియదనుకుంటారని ఆయన నమ్మకం.

ఆటల పీరియడ్ బెల్లు కొట్టే ముందు వరండా చివర లెక్కల మాస్టారు ప్రత్యక్షమయ్యేవాడు. చంకలో పుస్తకం, చేతిలో బెత్తం, మొహం నిండా దిగులు.

"మాస్టారూ, ఈ ఒక్కరోజుకి మీ పీరియడ్ నాకివ్వండి. పోర్షన్ మిగిలిపోయింది."

"నిన్న కూడా ఒక్కరోజే అన్నారు కదండీ."

"నిన్నటిది నాలుగో తరగతి. ఇవాళ ఐదు."

అంతటి తర్కం విన్నాక బావ పీరియడ్ ఇచ్చేసేవాడు. పిల్లలు ఒకసారి బంతిని చూసి, ఒకసారి మాస్టారిని చూసి, మొహాలు వేలాడేసుకుని లోపలికి పోయేవాళ్ళు. బంతి మళ్ళీ బీరువాలోకి వెళ్ళేది. ఆ బంతికి పిల్లల కాళ్ళకన్నా బీరువా తాళమే ఎక్కువ పరిచయం.

"నీకు నోరు లేదా బావా?" అని అడిగాను ఒకసారి.

"పెద్దమనిషి వచ్చి అడిగితే ఎలా కాదంటాంరా?" అన్నాడు. ఇంటికి పోయాక మాత్రం మా అక్క ముందు ఆయనకు ఎక్కడలేని నోరూ వచ్చేది. "నా పీరియడ్ నా ఇష్టం అని మొహం మీదే చెప్పేశాను" అనేవాడు. అక్క బట్టలు కుడుతూ మిషను ఆపకుండానే "ఆహా" అనేది. ఆ ఒక్క మాటలో ఉన్నంత వెక్కిరింత నాకు ఇంతవరకూ చేతకాలేదు.

ఇలా గడిచిపోతుండగా బడి కమిటీలో ఒక ఆలోచన పుట్టింది. కమిటీకి పెద్ద ఒక ఫర్నిచర్ దుకాణం ఆసామి. బళ్ళో బల్లలన్నీ ఆయన దుకాణంవే. పిల్లలు కూర్చుంటేనే చదువు వస్తుందని ఆయన నమ్మడంలో ఆశ్చర్యం లేదు. చిన్న తరగతులకు ఆటల పీరియడ్ ఎత్తేసి ఆ సమయం లెక్కలకు ఇవ్వాలని ఆయన అన్నాడు. ఎలాగూ లెక్కల మాస్టారే వాడుకుంటున్నాడు కదా, ఉన్నమాటే టైంటేబుల్‌లో రాస్తే పోలా అన్నాడు.

ఈ కబురు నేనే బావకు చెప్పాను. వెక్కిరిద్దామనే వెళ్ళాను కానీ మనిషి మొహం చూసి మానుకున్నాను. బీరువా దగ్గర నిలబడి తాళంచెవిని వేళ్ళతో తిప్పుతూ ఉండిపోయాడు.

"ఉద్యోగం పోతే ఏ కొట్లోనో లెక్కలు రాసుకుంటాను" అన్నాడు.

"నీకు లెక్కలు రావు కదా బావా."

"సంచులు మోస్తాను. అది కాదురా. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బల్లల మీదే ఉండే చిన్నపిల్లలు. ఆ ఒక్క పీరియడ్ కూడా పోతే వాళ్ళు ఎప్పుడు పరిగెత్తుతారు?"

పీరియడ్లన్నీ చేతులారా ఇచ్చేసిన మనిషికి ఈ ప్రశ్న ఇప్పుడు తోచింది.

సరిగ్గా అప్పుడే మూడో తరగతి టీచరమ్మ పురిటికి సెలవు పెట్టింది. ఆ తరగతి పేరు చెబితే మా స్టాఫ్‌రూమ్‌లో జనం కళ్ళద్దాలు తుడుచుకునేవాళ్ళు, సంచులు వెతుక్కునేవాళ్ళు, హఠాత్తుగా దగ్గేవాళ్ళు. ఆ గదిలో ఒక్కడూ ఒక్కచోట కూర్చోడు. పెద్ద మేడం, అంటే మా హెడ్‌మిస్ట్రెస్, నేరుగా బావ దగ్గరికి వచ్చింది.

"మీరు ఖాళీగానే ఉంటున్నారు కదా మాస్టారూ. మూడో తరగతి చూడండి. నెల తర్వాత కమిటీ ఆయన వచ్చి పిల్లల్ని లెక్కలు అడుగుతారు. బాగా చెప్పారంటే మీ ఆటల పీరియడ్ సంగతి నేను ఆయనతో మాట్లాడతాను."

బావ "అలాగే మేడం" అన్నాడు. సాయంత్రం మా అక్క ముందు మంచంలో కూలబడి అసలు సంగతి చెప్పాడు. ఆరో ఎక్కం దాటితే ఆయనకే రాదు. చిన్నప్పుడు ఏడో ఎక్కం దగ్గర ఆగిపోయాడు. అప్పుడు లెక్కలు చెప్పిన మాస్టారు బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చోబెట్టి అప్పజెప్పించుకునేవాడట. కూర్చుంటే బావకు ఏదీ గుర్తుండదు. తన పెళ్ళిరోజు కూడా ఇటూ అటూ నడిస్తేగానీ గుర్తురాదు. ఇందులో అబద్ధం లేదని అక్క కూడా ఒప్పుకుంది.

"అయితే నడుస్తూ నేర్చుకోండి" అంది అక్క, దారం కొరికి.

మర్నాటి నుంచి వాళ్ళింట్లో కొత్త తంతు మొదలైంది. వంటింట్లో నేల మీద పలకరాళ్ళు. ఒక్కో రాయి మీద సుద్దతో ఒక్కో అంకె వేసుకుని, మా బావ ఆ పొట్టతో ఏడేసి రాళ్ళు లెక్కపెట్టుకుంటూ గెంతడం. ఏడో రాయి దగ్గర చప్పట్లు, పద్నాలుగో రాయి దగ్గర చప్పట్లు. ఇరవై ఒకటికి వంటింట్లో చోటు చాలక హాల్లోకి, అక్కణ్ణుంచి వరండాలోకి. కింది వాటాలో ఉండే ఆవిడ పైకి వచ్చింది.

"మా ఇంట్లో గిన్నెలు కదులుతున్నాయమ్మా. మీవారికి ఒంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉన్నారండీ. ఏడో ఎక్కంలో ఉన్నారు" అంది మా అక్క.

వారం తిరిగేసరికి ఆయనకు ఏడో ఎక్కం వచ్చేసింది. మామూలుగా అడిగితే నసుగుతాడు, ఒక కాలు కదపనిస్తే గడగడ చెప్పేస్తాడు. ఈ వయసులో ఒక మనిషి ఎక్కం వచ్చిందని అంత సంబరపడటం నేనెక్కడా చూడలేదు. ఎదురొచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు. పాలు పోసే అతను ఆ బాధ పడలేక కొన్నాళ్ళు గేటు దగ్గరే పాలు పెట్టి పారిపోయాడు.

బావకు తెలిసింది ఆ ఒక్క దారే కాబట్టి మూడో తరగతిలోనూ అదే చేశాడు. బల్లలు గోడకు నెట్టించి వరండా పొడవునా గళ్ళు గీశాడు. రెండో ఎక్కానికి రెండేసి గళ్ళు, మూడో ఎక్కానికి మూడేసి. తప్పు గడిలో దిగినవాడు నవ్వేసి వెనక్కి వచ్చి మళ్ళీ గెంతుతాడు, అంతే. సగం, పావు, ముప్పావు చెప్పడానికి పిల్లల్ని నాలుగు మూలలకీ పరుగెత్తించాడు. "అందరూ కలిస్తే ఒకటి. ఈ మూల పావు. ఆ రెండు మూలలూ కలిపితే ఎంతర్రా?" అని విజిల్ ఊదేవాడు. వాళ్ళు చెప్పేది తప్పో ఒప్పో ఆయనకూ ఒక్కోసారి అనుమానం వచ్చేది, అప్పుడు తనే వెళ్ళి గళ్ళలో గెంతి చూసుకునేవాడు. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఆ తరగతిలో ఒక పిల్ల ఉంది. ఎవరితోనూ మాట్లాడదు. టీచర్లు మూగపిల్ల అనే పిలిచేవాళ్ళు, అదీ ఆ పిల్ల వింటుండగానే. ఒకరోజు నేను హాజరు పుస్తకాలు తీసుకుని వరండాలోకి వెళ్ళేసరికి ఆ పిల్ల రెండు జడలూ ఎగిరిపడుతుంటే గళ్ళ మీద గెంతుతోంది. "ఏడైదులు ముప్పై ఐదు, ఏడార్లు నలభై రెండు, ఏడేళ్ళు నలభై తొమ్మిది" అని గొంతు చించుకుంటోంది. బావ పక్కనే నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. వెక్కిరించడానికి వెళ్ళినవాణ్ణి పుస్తకాలు పట్టుకుని తిరిగి వచ్చేశాను.

స్టాఫ్‌రూమ్‌లో మాత్రం ఒకటే గొడవ. కింది గది టీచరు సున్నం రాలి తన టీలో పడుతోందంది. లెక్కల మాస్టారు "ఇది బడా, సర్కసా?" అన్నాడు. పెద్ద మేడం తీరిగ్గా ఆలోచించి తీర్పు చెప్పింది.

"గెంతనివ్వండి మాస్టారూ, నేను కాదనను. కాకపోతే శబ్దం లేకుండా గెంతమనండి."

శబ్దం లేకుండా గెంతడం ఎలాగో చూపించమని బావ అడగలేకపోయాడు. నేనైతే అడిగేవాణ్ణి, కానీ నాకు జీతం ఇచ్చేదీ ఆవిడే.

కమిటీ ఆయన వచ్చిన రోజు పిల్లలందర్నీ బల్లల మీద సర్ది, చేతులు కట్టించి, కదిలితే ఊరుకోనని పెద్ద మేడం ముందే చెప్పింది. ఆయన తన దుకాణం కుర్చీలోనే కూర్చుని, దాని చెయ్యి ఊగుతోందేమో చూసుకుని, మొదటి ప్రశ్న వేశాడు.

"ఏడెనిమిదులు ఎంత?"

పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇంకోటి అడిగాడు, మరొకటి అడిగాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. లెక్కల మాస్టారు గుమ్మంలో నిలబడి, ఎవరో పోయినప్పుడు పెట్టినట్టు మొహం పెట్టాడు. లోపల ఎంత సంతోషంగా ఉన్నాడో ఆయన బొటనవేలు ఊగడం చూస్తే తెలిసిపోతోంది. ఆటల పీరియడ్ బావ కళ్ళముందే చేజారిపోతోంది, ఆయన మాత్రం మెళ్ళో విజిల్ తాడు తిప్పుకుంటున్నాడు. ఎప్పట్లాగే ఇదీ ఇచ్చేస్తాడనుకున్నాను.

ఇవ్వలేదు.

"ఒక్కసారి వీళ్ళని లేవనివ్వండి సార్" అన్నాడు.

"కూర్చునే చెప్పమనండి" అంది పెద్ద మేడం.

"కూర్చుంటే రాదు మేడం. నాకూ రాదు."

ఇంతకాలానికి ఒక పెద్దమనిషి ముందు మా బావ కాదనడం అదే మొదలు. విజిల్ ఊదాడు. ముప్పై మంది పిల్లలు బల్లల మీంచి దూకి వరండాలో పడ్డారు. ఏడెనిమిదులు యాభై ఆరు అని మొదట అరిచింది ఆ మాట్లాడని పిల్లే. తర్వాత ఏది అడిగినా జవాబు గళ్ళలోంచి వచ్చింది. కమిటీ ఆయన హుషారెక్కి, "మీ క్లాసులో ముప్పావు భాగం ఎంత మంది?" అన్నాడు. ఆ తరగతిలో ముప్పై రెండు మంది. ఇద్దరు జ్వరంతో రాలేదు. నాలుగు మూలలకూ పరుగెత్తితే సమానంగా రారు. బావ ఒక మూల పిల్లల మధ్య నిలబడిపోయాడు. గుమ్మం పక్కన నిలబడి చూస్తున్న నన్ను చెయ్యి పట్టి లాగి ఇంకో మూల నిలబెట్టాడు. అలా నేను కూడా ఒక పావులో భాగమయ్యాను. మూడు మూలలూ కలిసి "ఇరవై నాలుగు" అని అరిచాయి. నేనూ అరిచాను. ఉద్యోగంలో చేరాక ఆ బళ్ళో నేను గొంతెత్తింది అప్పుడే.

కమిటీ ఆయన బావ వీపు తట్టాడు. "పిల్లలు కదలాలయ్యా, నేను మొదట్నుంచీ చెబుతున్నది అదే" అన్నాడు. ఆయన మొదట్నుంచీ చెబుతున్నదేమిటో కమిటీ మీటింగుల్లో రాసిపెట్టినవాణ్ణి నేనే కాబట్టి తల వంచుకుని నవ్వుకున్నాను. ఆ సాయంత్రం బావ ఇంట్లో కూర్చోలేదు. వీధి ఈ చివర్నుంచి ఆ చివరకు నడుస్తూ కనబడ్డవాళ్ళకల్లా కథ చెప్పాడు. ఆటల పీరియడ్ నిలబడిందని, ఇక ఎవరడిగినా ఇవ్వనని అన్నాడు. ఈసారి అక్క "ఆహా" అనలేదు. మిషను ఆపి విన్నది.

నాలుగు రోజులకు పెద్ద మేడం కొత్త టైంటేబుల్ రాయమని నన్ను పిలిచింది. ఇక నుంచి అన్ని తరగతుల్లో అన్ని పాఠాలూ గెంతుతూ, నడుస్తూ, చేతులు ఊపుతూ చెప్పాలని కమిటీ తీర్మానించింది. ఆవిడ చెబుతోంది, నేను గళ్ళు నింపుతున్నాను. గళ్ళు నిండిపోయాయి.

"మేడం, ఆటల పీరియడ్ మర్చిపోయారు."

"మర్చిపోలేదయ్యా. రోజంతా గెంతుతూనే ఉంటారు కదా పిల్లలు. మళ్ళీ వేరే ఆటలెందుకు? ఆ పీరియడ్ కూడా లెక్కలకు వెయ్యి."

"మరి మా బావ?"

"ఆయన్ని ఎక్కడికి పంపుతాం? ఇదంతా ఆయన పుణ్యమే కదా. రోజూ పొద్దున్నే వచ్చి అన్ని వరండాల్లో గళ్ళు గీస్తారు."

ఒళ్ళు మండిపోయింది. ఆ కాగితం చింపి ఆవిడ బల్ల మీద పారేయాలనిపించింది. పారేయలేదు, నీటుగా రాసి సంతకానికి పెట్టాను. బావను ఇన్నాళ్ళూ నోరు లేనివాడని ఎగతాళి చేశాను కదా, నా నోరు ఎంతుందో ఆ రోజు చూసుకున్నాను.

వారం తిరక్కుండా కమిటీ ఆయన దుకాణం నుంచి అంకెలు వేసిన రంగు చాపలు దిగాయి. అన్నిటికన్నా ముందు లెక్కల మాస్టారు కొత్త పద్ధతిలో పడ్డాడు. చాప పక్కన కుర్చీ వేసుకుని, కూర్చున్నచోటు నుంచి కదలకుండా బెత్తంతో చూపించి గెంతిస్తాడు. తప్పు గడిలో దిగినవాడు ఇంకో పది గెంతులు గెంతాలి. ఆ పదిలో మళ్ళీ తప్పితే మరో పది. మూడో తరగతి కూడా ఇప్పుడు ఆయన చేతుల్లోకే వెళ్ళింది. ఈ నెల్లాళ్ళలో పిల్లలు మరింత బాగా చెబుతున్నారని ఆయన అంటాడు. నిజమే, చెబుతున్నారు. నవ్వడం మాత్రం లేదు. మాట్లాడని పిల్ల ఎక్కాలన్నీ అప్పజెబుతుంది, అంతకుమించి మళ్ళీ ఒక్క మాట మాట్లాడదు.

బావ రోజూ అన్ని వరండాల్లో గళ్ళు గీస్తున్నాడు. బూట్లకు సుద్ద రుద్దే పని కూడా తప్పింది, గీసేటప్పుడు అదే పడుతుంది. పరుగు పందెం కథ చెప్పడం మానేశాడు. నిజం చెప్పాలంటే అది వినాలని నాకు మొదటిసారి అనిపించింది.

మొన్న లెక్కల మాస్టారు ఏదో పెళ్ళికని మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టాడు. మూడో తరగతికి ఎవరూ లేరు. బావ పెద్ద మేడంను అడగలేదు. నా దగ్గరికొచ్చి, ఆటల పీరియడ్ పోయాక ఆఫీసుకు చేరిన బీరువా తాళంచెవి తీసుకున్నాడు. పిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకుపోయి, బంతి మధ్యలో పెట్టి, విజిల్ ఊదాడు.

"వెళ్ళండర్రా. ఆడుకోండి."

పిల్లలు వరుసలో నిలబడ్డారు. ఎడంగా, ఒకళ్ళ వెనక ఒకళ్ళు.

"ఏ ఎక్కం సార్?" అన్నాడు ముందు నిలబడ్డ పిల్లాడు.

"ఏ ఎక్కమూ లేదు. ఊరికే పరిగెత్తండి."

"గళ్ళు లేవు సార్."

"గళ్ళు ఎందుకురా? మీ ఇష్టం వచ్చినట్టు పరిగెత్తండి."

వాళ్ళు కదల్లేదు. ఇదేదో కొత్తరకం పరీక్ష అనుకున్నట్టున్నారు. తప్పు దిక్కున పరిగెత్తితే ఎన్ని గెంతులో తెలియక ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు. బావ బతిమాలాడు. తర్వాత కసిరాడు, మళ్ళీ బతిమాలాడు. చివరికి ఎలా ఆడాలో తనే చూపిద్దామనుకున్నాడేమో, బంతిని ఒక్క తన్ను తన్ని, ఆ పాడు మోకాలుతో, ఆ పొట్టతో దాని వెనక పరుగు తీశాడు. వస్తారేమోనని మధ్యమధ్య వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

పిల్లలకు అప్పుడు అర్థమైంది. వరుస చెదరకుండా, చేతులు కట్టుకుని, ఆయన వేసే ఒక్కో అడుగుకూ అందరూ ఒకే గొంతుతో లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది..."